కాంతి గంటము: రంగుల లేజరు ముద్రణయంత్రపు చరిత్రము, దానిని గృహమున నిలుపుకొను విధము



తాతలనాటి తాటాకు గ్రంథములను అటకమీద దాచుకొన్నవారు మీలో కొందఱైనను ఉందురు. గంటముతో ఆకుపై వ్రాయునప్పుడు అక్షరము కంటికి ఆనదు. సన్నని గాటు మాత్రమే పడును. పిదప దీపపు మసిని నూనెలో రంగరించి ఆకంతటను పూసి గుడ్డతో తుడిచినచో, మసి గాటులలో నిలిచి, తక్కినచోట తొలగిపోయి, వ్రాత నల్లగా తేలివచ్చును. కనబడని వ్రాత మొదట, మసి పిమ్మట. ఈ క్రమమును జ్ఞప్తియందుంచుకొందురేని, నేడు నేను చెప్పబోవు రంగుల లేజరు ప్రింటరు అను యంత్రము మీకు బొత్తిగా కొత్తదిగా తోపదు.

ఈ విషయము నెన్నుకొనుటకు కారణము కలదు. పూర్వము కచేరిపని కచేరిలోను, ఇంటిపని ఇంటిలోను జరిగెడివి. 2020వ సంవత్సరమున కరోనా వ్యాధి ప్రబలి కచేరులు మూతపడినప్పుడు, పట్టణములలో కొలువు చేయుచున్న మన పిల్లలు పలువురు స్వగ్రామములకు వచ్చి, మూలగదిలో ఒక బల్ల వేసికొని ఇంటినుండియే కొలువు నడపిరి. కొందఱికి ఆ పద్ధతియే నిలిచిపోయినది. దానికి తోడు పొలముల పత్రములు, అర్జీలు, సంఘముల లెక్కలు, శుభలేఖలు మొదలగువానిని ఇంటనే అచ్చు తీసికొనవలెనను కోరికయు పుట్టినది. కోరిక పిల్లలదైనను, సొమ్ము తఱచుగా ఇంటిపెద్ద చేతినుండియే వెడలును గదా! ఏ యంత్రము కొనదగునో, కొన్నదానిని ఎట్లు నిలుపదగునో పెద్దలు తెలిసికొనుట యుక్తము. అంగడివాడు చెప్పు మాటలకంటె ఆ యంత్రపు పుట్టుపూర్వోత్తరములే ఈ ప్రశ్నకు మంచి సమాధానము చెప్పునని నా యభిప్రాయము.

పేరును బట్టి దీనిని అచ్చుకూటపు సంతతియని కొందఱు తలంతురు. అది సరికాదు. అచ్చుకూటమున సీసపు అక్షరములకు సిరా పట్టించి కాగితముపై అదుముదురు. ఇందు సీసపు అక్షరము లేదు, తడి సిరాయు లేదు. దీని వంశమూలము మన బజారులలోని జిరాక్సు యంత్రము. "జిరాక్సు తీయించుట" యని ఊరూర మనము వాడుకొను ఈ మాట నిజమునకు అమెరికాలోని ఒక వర్తకసంస్థ పేరు. గ్రీకు భాషలో "జీరోస్" అనగా ఎండినది. "గ్రాఫీ" యనగా వ్రాత. జిరోగ్రఫీ యనగా శుష్కలేఖనము, తెనుగున ఎండువ్రాత. ఆ పదము నుండియే ఆ సంస్థ తన పేరును కల్పించుకొన్నది.

ఈ ఎండువ్రాతను కనిపెట్టినవాడు చెస్టరు కార్ల్‌సన్. ఆయన 1906లో అమెరికాలోని సియాటిల్ నగరమున జన్మించెను. తండ్రి క్షురకవృత్తివాడు, వ్యాధిగ్రస్తుడై మంచము పట్టెను. బాల్యమునందే కుటుంబపోషణభారము ఈ కుఱ్ఱవానిపై పడెను. ఎట్లో కష్టించి 1930లో భౌతికశాస్త్రమున పట్టము పొందెను. అవి ఆర్థికమాంద్యపు దినములు. కుదిరిన ఉద్యోగమును ఊడిపోయెను. తుదకు న్యూయార్కులో ఒక సంస్థయొక్క పేటెంట్ల శాఖలో చేరెను. పేటెంటనగా నూతనకల్పనపై ప్రభుత్వమిచ్చు హక్కుపత్రము. ఆ పత్రములకు ప్రతులు ఎన్ని యున్నను చాలెడివి కావు. టైపు కొట్టింపవలెను, లేక ఖర్చునకోర్చి ఛాయాచిత్రము తీయింపవలెను. ఇదిగాక ఆయన రాత్రివేళ న్యాయశాస్త్రము చదువుచు, పుస్తకములు కొనలేక, గ్రంథాలయమున కూర్చుండి వలసిన భాగములను చేతితో ఎత్తివ్రాసికొనెడివాడు. కంటిచూపు మందము, కీళ్లవాతము వేఱొకటి. ఎత్తివ్రాసికొనుట యన నేమో నేటి విద్యార్థులకు తెలియదుగాని, గురువుగారి ఇంట కావ్యములు చదివినవారికి ఆ వ్రేళ్ల నొప్పి బాగుగా తెలియును.

కార్ల్‌సన్ తన వంటయింటిలో ప్రయోగములు మొదలుపెట్టెను. తరువాత న్యూయార్కులోనే అస్టోరియా యను పేటలో ఒక చిన్న గదిని అద్దెకు తీసికొని, ఆస్ట్రియా దేశమునుండి వచ్చిన ఆటో కోర్నై అను నాతని సహాయునిగా పెట్టుకొనెను. 1938వ సంవత్సరము అక్టోబరు 22వ తేదీన ఆ గదిలో జరిగినది వినుడు. గంధకము పూసిన యశదపు రేకు నొకదానిని తీసికొని, చీకటిచేసి, చేతిరుమాలుతో గట్టిగా రుద్దిరి. గాజుపలకపై ఆ తేదీని, అస్టోరియా యను పేరును సిరాతో వ్రాసి, ఆ పలకను రేకుపై పెట్టి, కొన్ని క్షణములు గట్టి దీపపు వెలుగు పడనిచ్చిరి. పలకను తీసివేసి, రేకుపై లైకోపోడియమను మొక్కయొక్క సన్నని పుప్పొడి వంటి పొడిని చల్లి, నోటితో మెల్లగా ఊదిరి. పొడి యెల్ల ఎగిరిపోయెను; అక్షరములున్నచోట మాత్రము నిలిచెను! దానిపై మైనపు కాగితము నదిమి వెచ్చజేయగా అక్షరములు కాగితమునకెక్కెను. లోకమున మొదటి ఎండువ్రాత అదియే.

ఇందలి మర్మము పెద్దది కాదు. పొడిజుట్టు దువ్వుకొనిన దువ్వెన కాగితపు తునకలను ఆకర్షించుట బడిపిల్లలు ఆడుకొను ఆటయే. రాపిడివలన పుట్టిన ఆ విద్యుచ్ఛక్తి గంధకమువంటి పదార్థముపై చీకటిలో నిలిచియుండును. వెలుగు సోకినచోట మాత్రము జాఱిపోవును. కావున వెలుగు నీడల భేదమే శక్తి యుండుట, లేకుండుట యను భేదముగా మాఱును. అది కంటికి కానరాని వ్రాత, గంటపు గాటువంటిది. పైని చల్లిన పొడి మసివంటిది. తాటాకున మసి నూనెజిడ్డుతో నిలుచును. ఇచ్చట పొడిని వేడిచే కరగించి కాగితమున కతికింతురు.

ఇంత మంచి కల్పనను లోకము వెంటనే కన్నులకద్దుకొన్నదనుకొందురేమో! 1939 మొదలు 1944 వఱకు ఇరువదికి పైగా సంస్థలు దీనిని కాదనినవి. వానిలో మహాసంస్థలునుండెను. రేకుపై పొడి చల్లి ఊదుట పిల్లల యాటగా వారికి తోచియుండును. సహాయుడు కోర్నైయును వేఱు కొలువు చూచుకొని వెడలిపోయెను. 1942లో పేటెంటుమాత్రము చేతికి వచ్చెను. తుదకు 1944లో కొలంబస్ నగరమునందలి బాటెల్ పరిశోధనసంస్థవారును, పిదప రాచెస్టరు నగరమున ఛాయాచిత్రపు కాగితము చేయు హాలాయిడ్ అను చిన్న సంస్థవారును దీనిని చేపట్టిరి. గంధకమునకు బదులు సెలీనియమును వాడవచ్చునని తేలుటతో పని సుకరమయ్యెను. మొదటి ప్రయోగము జరిగిన పదియేండ్లకు సరిగా, 1948 అక్టోబరు 22న దీనిని లోకమునకు ప్రకటించిరి. 1959లో ప్రదర్శింపబడిన "914" అను యంత్రముతో హాలాయిడ్ సంస్థ దశ తిరిగెను. జిరాక్సు అను పేరు జగద్విఖ్యాతమయ్యెను. ఆ యంత్రము బరువు ఇంచుమించు 294 కిలోలు. లోపల చిక్కుకొన్న కాగితము ఒక్కొక్కప్పుడు కమలుటచే, నిప్పు నార్పు సాధనమును కూడ దానితో ఇచ్చెడివారట.

కార్ల్‌సన్ కోటీశ్వరుడయ్యెను. అయినను ఆర్జించినదానిలో అధికభాగమును, తరచు తన పేరు చెప్పక, దానము చేసి, 1968లో కాలధర్మము నొందెను. విడిపోయిన సహాయునికి సైతము తన సంస్థ వాటాలు నూఱు పంపెనట. భార్య డారిస్ మూలమున ఆయనకు మన వేదాంతమునందును శ్రద్ధ కలిగెనని జీవితచరిత్రకారులు వ్రాసిరి. ఇది మన ప్రసంగమునకు అవసరము కాకున్నను చెప్పక విడువ మనసొప్పలేదు.

ఇంతవఱకు జరిగినది ఉన్న వ్రాతకు ప్రతి తీయుట మాత్రమే. లేని వ్రాతను యంత్రమే పుట్టించుట ఎట్లు? 1960లో థియొడోరు మైమన్ అను శాస్త్రజ్ఞుడు లేజరను కాంతిని మొట్టమొదట పుట్టించెను. అది దీపపు వెలుగువలె నలుదిక్కులకు చెదరక, సూదిమొనవలె ఒక్కచోట నిలుచు కాంతి. జిరాక్సు సంస్థలోనే పనిచేయుచున్న గ్యారీ స్టార్క్‌వెదరు అను యువకునికి ఒక ఊహ తోచెను. కాగితపు నీడను పడనిచ్చుటకు మాఱుగా, ఈ కాంతిసూదితో డ్రమ్ముపై నేరుగ చుక్కలు చుక్కలుగా వ్రాసినచో నేమి? పైయధికారి దానిని వ్యర్థమని నిరాకరించి, మానుమని శాసించెను. ఆయన మానలేదు. 1971 ఆరంభమున దేశపు ఆవలి యొడ్డున, కాలిఫోర్నియాలో, ఆ సంస్థవారే నెలకొల్పిన పాలో ఆల్టో పరిశోధనాలయమునకు మాఱి, ఆ సంవత్సరము ముగియకమునుపే యంత్రమును నడిపించి చూపెను. పలుముఖముల చిన్న అద్దము గిరగిర తిరుగుచుండ, దానిపై బడిన కాంతిరేఖ డ్రమ్ముపై ఈ కొననుండి ఆ కొనకు పరుగిడుచు, కంప్యూటరు ఆజ్ఞచొప్పున ఆఱుచు వెలుగుచు వ్రాయును. కార్ల్‌సన్ నాటి ప్రయోగమున వెలుగు సోకనిచోట పొడి నిలిచెను; నేటి లేజరు ప్రింటర్లలో సాధారణముగా వెలుగు సోకినచోటనే నిలుచునట్లు చేయుదురు. ఇది నిజముగా కాంతి గంటము.

1977లో ఆ సంస్థ విక్రయించిన యంత్రము నిమిషమునకు 120 పుటలు ముద్రించెను. అది గది నిండు యంత్రము, పెద్ద సంస్థలకే తగినది. ఇంటిబల్లమీదికి దీనిని దింపినది జపాను దేశపు కానన్ సంస్థ. వారు డ్రమ్మును, పొడిని ఒక్క పెట్టెలో నిమిడ్చి, పొడి అయిపోగానే ఆ పెట్టె నూడదీసి కొత్తది వేసికొను ఉపాయము కనిపెట్టిరి. ఆ పెట్టెకు కార్ట్రిడ్జి యని పేరు. కానన్ వారి యంత్రాంగముతోనే 1984లో హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ 3,495 డాలర్లకు "లేజర్‌జెట్"ను, 1985లో ఆపిల్ సంస్థ 6,995 డాలర్లకు "లేజర్‌రైటర్"ను అమ్మిరి. అంగుళమునకు 300 చుక్కలు వ్రాయు శక్తి వానిది. అనగా చదరపు అంగుళమునకు 90,000 చుక్కలు.

అప్పటికిని నలుపు ఒక్కటియే. రంగుల చరిత్రము వేఱొక త్రోవను వచ్చినది. పదునెనిమిదవ శతాబ్దపు ఆదిని లెబ్లాన్ అను జర్మను చిత్రకారుడు ఎఱుపు, పసుపు, నీలము అను మూడు రంగుల పలకలను ఒకే కాగితముపై ఒకదానిపై నొకటి అచ్చొత్తి సకలవర్ణములను సాధింపవచ్చునని చూపెను. నలుపును నాలుగవదిగా చేర్చెను. మన ఇండ్లలో పూజలందుకొన్న రవివర్మ లక్ష్మీసరస్వతుల పటములు తెలియనివారెవరు? 1894లో బొంబాయిలో ఆరంభమైన ఆయన ముద్రణాలయమున రంగునకొక రాయి చొప్పున చెక్కి, ఒకే కాగితమును పలుమాఱులు అచ్చు వేసెడివారు. ఒక రాయి వెండ్రుకవాసి తప్పినను అమ్మవారి కన్ను చెదరును.

రంగుల లేజరు యంత్రమున జరుగునదియు ఇదియే. ఆకాశపు నీలము, ముదురు గులాబి, పసుపు, నలుపు అను నాలుగు పొడులు, నాలుగు కార్ట్రిడ్జిలు. మొదట వచ్చిన యంత్రములలో నాలుగు రంగులును ఒకే డ్రమ్ముపై వంతులవారీగా ఎక్కవలసి యుండుటచే రంగుపుటకు నల్లపుటకంటె ఎక్కువ కాలము పట్టెడిది. తరువాత నాలుగు డ్రమ్ములను వరుసగా నిలిపి ఒకే పరుగున ముగించుట నేర్చిరి. 1994లో హ్యూలెట్ ప్యాకార్డ్ వారి మొదటి రంగుల లేజరు ధర 7,295 డాలర్లు. పదియేండ్ల క్రిందటి నల్ల యంత్రపు ధరకు ఇది రెట్టింపునకు మించినది. ఎందువలన? రంగుల లేజరనునది ఒక యంత్రము కాదు. నాలుగు నల్ల యంత్రములు ఒక పెట్టెలో కాపురముండుట. దాని బరువునకు, వెలకు, పోషణకు ఇదియే మూలము. కొనదలచినవాడు మఱువరాని సంగతి ఇది యొక్కటియే.

కావున అంగడిలో యంత్రపు వెల అడుగుటకు ముందు నాలుగు కార్ట్రిడ్జిల వెల అడుగవలెను. ఒక్కొక్కటి ఎన్ని పుటలు వచ్చునో పెట్టెపై వ్రాసియుండును. దానికి అంతర్జాతీయ ప్రమాణము కలదు. ఒక కార్ట్రిడ్జి 4,000 రూపాయలై 2,000 పుటలు వచ్చుననుకొందము. నల్లని పుటకు 2 రూపాయలు. నాలుగు రంగులును వాడిన పుటకు 8 రూపాయలు. కాగితము వెల వేఱు. ఈ గుణకారము అంగడిలోనే నిలుచుండి చేసికొనవలెను. యంత్రముతో వచ్చు తొలి కార్ట్రిడ్జిలలో పలుమాఱు పొడి తక్కువగా నుండును, దానినికూడ అడుగవలెను. ఇతరులు నింపిన చౌక కార్ట్రిడ్జిలను యంత్రము స్వీకరింపకుండ కొందఱు చిన్న చిప్పును అమర్తురు. లెక్స్‌మార్క్ అను సంస్థ తన కార్ట్రిడ్జిలను మఱల నింపి అమ్మినవారిపై వ్యాజ్యము వేయగా, ఒకసారి అమ్మిన వస్తువుపై పేటెంటు హక్కు నిలువదని అమెరికా సుప్రీముకోర్టు 2017లో తీర్పు చెప్పెను. పేటెంట్ల శాఖలో పుట్టిన యంత్రము తిరిగి పేటెంట్ల తగవులోనికే వచ్చినది! తీర్పు వచ్చినను చిప్పులు పోలేదు.

నా మట్టుకు నేనైతే ఇట్లందును. అర్జీలు, లెక్కలు, పాఠములు మాత్రమే అచ్చు వేయువానికి నల్లని లేజరు చాలును; ఏడాదికి రెండుమాఱులు కావలసిన రంగుపుటకు పొరుగు పట్టణపు అంగడి కలదు. పెండ్లి ఛాయాచిత్రములే ముఖ్యమైనచో తడిసిరాను చిమ్ము ఇంకుజెట్టు యంత్రము మేలు. లేజరు పొడి ఆ మృదుత్వమును తేలేదు. పటములు, పట్టికలు, ప్రకటనపత్రములు నెలనెలా రంగులలో కావలసిన కచేరిపని ఇంట జరుగుచున్నచో, అప్పుడు రంగుల లేజరు కొనుట సమంజసము. దానికొక గొప్ప గుణము కలదు. ఇంకుజెట్టు సిరా వాడనిచో ముక్కున ఎండి బిగుసుకొనును. లేజరు పొడి ముందే ఎండినది గావున నెలల తరబడి ఊరకున్నను చెడదు. నీటిచుక్క పడినను వ్రాత చెదరదు. కాగితపు రెండు ప్రక్కలను తానే అచ్చు వేయునది, పత్రమును చూచి నకలు తీయునది లభించినచో కొంచెము ఎక్కువ ఇచ్చియైనను కొనవచ్చును. దగ్గఱి పట్టణమున బాగుచేయువాడు లేని యంత్రమును ఊరక ఇచ్చినను తీసికొనరాదు.

ఇక నిలుపుట. నాలుగు యంత్రముల బరువు గనుక కదలని, సమతలమైన బల్ల కావలెను. ఇద్దఱు పట్టి ఎత్తుట మేలు. గోడకు జానెడు ఎడముండవలెను. కిటికీ ఎండ తగులరాదు. లోపలి నారింజరంగు పట్టీలు, అట్టముక్కలు అన్నియు తీసిన పిమ్మటనే మీట నొక్కవలెను; ఒక్క పట్టీ మిగిలినను కాగితము చిక్కుకొనును. డ్రమ్ము చీకటికి అలవాటుపడినది. దానిని వెలుతురులో ఉంచరాదు, వ్రేలితో ముట్టరాదు. పొడిని కరగించు ఫ్యూజరు దాదాపు 200 డిగ్రీల వఱకు కాగును. అందులకు ఒక్కమాఱుగా విద్యుత్తు నెక్కువగా లాగును. కాబట్టి కంప్యూటరుకు పెట్టిన చిన్న యు.పి.ఎస్.కు దీనిని తగిలింపక, భూబంధము గల గోడ సాకెట్టునకే తగిలింపవలెను.

వానకాలమున కాగితము చెమ్మగిలి వంకరపోవును. చిక్కుకొనుటకు ఇది ముఖ్యకారణము. చదరపు మీటరునకు 75 లేక 80 గ్రాముల కాగితమును, చుట్టిన కట్టలోనే ఉంచి, వలసినన్నియే అరలో పెట్టవలెను. ఇంకుజెట్టుకై చేసిన మెఱుగుకాగితమును ఇందులో వేయరాదు. దాని పూత ఫ్యూజరు వేడికి కరగి అంటుకొనును. పొడి చిందినచో వేడినీరు తగిలింపరాదు, అంటుకొనిపోవును. పొడిగుడ్డతో తుడిచి, పిమ్మట చన్నీటితో కడుగవలెను. ఒక్కరే వాడుకొనువారికి తీగ చాలును. ఇంటిల్లిపాది వాడుటకు వైఫై కావలెను. చాల యంత్రములు 2.4 గిగాహెర్ట్జుల మార్గమును మాత్రమే గుర్తించును. కలియనిచో ముందు దానిని చూడుడు. అమరిక యంతయు ముగిసిన తరువాత, రంగులు ఒకదానిపై నొకటి సరిగా పడుటకు యంత్రమునందే యుండు సవరణను ఒకసారి నడపవలెను. ఇది రవివర్మ రాళ్లను సరిచూచుకొనుటవంటిదే. పిమ్మట కంప్యూటరునందు "నలుపు మాత్రమే, రెండు ప్రక్కల" అను నియమమును స్థిరపఱచి, రంగు కావలసినప్పుడే దానిని మార్చుకొనుట గృహస్థధర్మము.

మన లిపిని గూర్చి ఒక మాట. 1991లో యూనికోడను సర్వలిపిసంకేతపట్టికలో తెలుగునకు చోటు దొరికెను. అంతకుముందును, ఆ పిదపను, అను మొదలగు ఫాంట్లతో కూర్చిన వ్రాతలు ఆ ఫాంటు లేని కంప్యూటరునుండి అచ్చు వేసినచో పిచ్చి గుర్తులుగా వచ్చును. దోషము యంత్రముది కాదు. కూర్చినచోటనే పి.డి.ఎఫ్.గా మార్చి తెచ్చుకొన్నచో అక్షరములు ఉన్నవున్నట్లు వచ్చును.

కడపట, రంగుల యంత్రమునకే చెందిన రహస్య మొకటి. మన తాటాకు లేఖకుడు గ్రంథము ముగించి, తన పేరును, సంవత్సరమును, తిథిని చివర వ్రాసికొనెడివాడు. రంగుల లేజరు యంత్రములు పెక్కును అట్లే చేయును, కాని చెప్పక చేయును. దొంగనోట్ల నడ్డగించుటకని పుటయంతటను సూక్ష్మమైన పసుపుచుక్కలను చల్లును. 2005లో అమెరికాలోని ఎలెక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ వారు జిరాక్సు సంస్థవారి ఒక యంత్రపు చుక్కలను విప్పి చదువగా, యంత్రపు వరుస సంఖ్య, అచ్చు వేసిన తేదీ, గంట, నిమిషము బయటపడెను. పేరు చెప్పక అర్జీ పెట్టుకొనువాడు దీనిని ఎఱిగియుండుట మంచిది. నల్లని లేజరుకు పసుపు పొడియే లేదు గనుక దానికి ఈ చుక్కలు లేవు. తెల్లకాగితముపై పసుపు మామూలు కంటికి ఆనదు. నీలపు దీపము వెలిగించి, భూతద్దముతో చూచినచో ఆ చుక్కలు నల్లగా కనబడును.